ఆవలిగట్టు మసకబారాలి

కృత్తివెన్ను చెరువుల మీద బుచ్చిరాజు ఎక్కడుంటాడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. కానీ ముందు ఒక నవ్వు నవ్వి మరీ చూపిస్తారు. "రొయ్యలకి ఫోటోలు తీస్తాడు, ఆయనేనా?" అంటారు. ఆయనే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, గళ్ళ లుంగీ, భుజాన తువ్వాలు, మూల పగిలిన పాత ఫోను. గాయత్రి అనే ఆవిడకున్న రెండెకరాల రొయ్యల చెరువులో మేత వేయడం, కాపలా కాయడం ఆయన పని. నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. ఆ పగిలిన ఫోనుతో ఆయన చేసింది ఖరీదైన ఫోన్లున్న వాళ్ళెవరికీ చేతకాలేదు.

ఈ ఫోటోల పిచ్చి ఆయనకి సరదాకి పట్టుకున్నది కాదు. ఆ చుట్టుపక్కల ముప్పై ఊళ్ళ చెరువుల్ని గుడివాడ నుంచి ధనుంజయ్ అనే టెక్నీషియన్ చూసుకుంటాడు. అన్ని చోట్లకీ రోజూ రాలేడు కాబట్టి రొయ్యని ఫోటో తీసి పంపమంటాడు. బుచ్చిరాజు పంపిన మొదటి ఫోటోకి అతని దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఇది: "నీళ్ళు బాగా పడ్డాయండీ. రొయ్యేదీ?"

బతికున్న రొయ్య గాజుముక్కలా ఉంటుంది. ఫోను దాన్ని వదిలేసి వెనకున్న నీళ్ళని పట్టుకుంటుంది. ఆ మాట బుచ్చిరాజుకి తల కొట్టేసినట్టయింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే మేత వేశాక సాధన మొదలుపెట్టాడు. పచ్చిమిరపకాయని తీశాడు, గడ్డిపరకని తీశాడు, తన బొటనవేలినే తీశాడు. తీయగా తీయగా ఒక సంగతి పట్టుబడింది. తీసే వస్తువు జానెడు దూరంలో ఉండాలి. దాని వెనక దగ్గర్లో ఏమీ ఉండకూడదు. ఆవలిగట్టు ఎంత దూరమైతే అంత మసకబారుతుంది, అది మసకబారిన కొద్దీ చేతిలో ఉన్నది తేలుతుంది. తువ్వాలు అంచుతో లెన్సు తుడిచి, తెరమీద సరిగ్గా రొయ్య కంటి మీద వేలు పెట్టి, ఊపిరి బిగబట్టి నొక్కాలి. ఇదంతా ఆయనకి ఎవరూ చెప్పలేదు. తీసిన రొయ్యని మాత్రం ఒక్క ఊపిరి సేపట్లో మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాడు. ఫోటో బాగా రాకపోయినా సరే, రెండోసారి అదే రొయ్యని పట్టుకునేవాడు కాదు.

గాయత్రికి ముప్పై అయిదేళ్ళుంటాయి. భర్త నడుం విరిగి మంచాన పడ్డాక చెరువు తనే చూసుకుంటోంది. మొదటి పంట వైరస్‌కి పోయింది. రెండో పంటకి చెరువులో రొయ్యపిల్లని వదిలిన రోజే బుచ్చిరాజుతో చెప్పింది. "ఇది కూడా పోతే చెరువు వదిలేస్తాను బాబాయ్. పెడనలో అద్దకం పనికి వెళ్తాను." ఆ రోజు నుంచి బుచ్చిరాజు ఆ చెరువుని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

పిల్ల వదిలిన అరవయ్యో రోజున నాగాయలంకలో చెల్లెలింట్లో గృహప్రవేశమైతే ఒక్కరోజు వెళ్ళక తప్పలేదు. ఆ ఒక్కరోజే కొంప మీదికొచ్చింది. పక్క చెరువులో వైరస్ ఉందని పుకారు పుట్టింది. గాయత్రి బెదిరిపోయింది. గుడివాడలో సెల్‌ఫోన్ల షాపున్న తమ్ముడు రాజీవ్ ఆ వేళకి చూడ్డానికొచ్చి ఉన్నాడు. "నేను తీస్తాలే అక్కా" అని వలలో పడ్డ నాలుగు రొయ్యల్ని కొత్త ఫోనుతో, వెనకున్నదంతా తనే మసకచేసే పోర్ట్రెయిట్ మోడ్‌లో తీశాడు. కుర్రాడు మంచివాడే, రొయ్య సంగతి తెలియదు, అంతే. ఫోటోలు పెళ్ళి ఆల్బంలో పెట్టేటట్టు వచ్చాయి. ధనుంజయ్ అవి చూసి వెంటనే ఫోన్ చేశాడు. "అన్నిటికీ మీసాలు తెగిపోయి ఉన్నాయండీ. చెరువు అడుగు పాడైనట్టుంది. పక్కన వైరస్ అంటున్నారు కాబట్టి ఆలస్యం చేయకండి, రొయ్యల్ని పట్టేసి అమ్మేయండి."

ఇప్పుడు పడితే వేలెడు రొయ్యలు, ఎవడూ సరైన రేటివ్వడు. ఇంకో పాతిక రోజులుంచితే పంట. అయినా టెక్నీషియన్ మాట విన్నాక గాయత్రికి చెరువు వైపు చూసే ధైర్యం కూడా లేకపోయింది. మర్నాడు పొద్దున్నే రమ్మని వలల వాళ్ళకి కబురు పెట్టింది.

బుచ్చిరాజు మొదటి బస్సు దిగి వచ్చేసరికి గట్టు మీద వలలు విప్పుతున్నారు. గాయత్రి కళ్ళు వాచి ఉన్నాయి. విషయం విని ఆయన రాజీవ్ ఫోను అడిగి తీసుకుని ఆ నాలుగు ఫోటోలూ నిదానంగా చూశాడు.

"ఫోటో చక్కగా ఉంది బాబూ. నిన్న వీటిని చేత్తో పట్టుకున్నప్పుడు మీసాలున్నాయా?"

"చూళ్ళేదండీ," అన్నాడు రాజీవ్.

బుచ్చిరాజు వలవాళ్ళని ఆగమని, చెరువులో దిగి ఒక రొయ్యని తెచ్చాడు. దాని మీసాలు ఒంటికి రెండింతలు పొడుగున్నాయి. "ఇప్పుడు నీ ఫోనుతో తియ్యి." రాజీవ్ తీశాడు. తెరమీద రొయ్య ఉంది, మీసాలు మాత్రం ముక్కు దగ్గరే ఆగిపోయాయి.

"వెనకున్నదాన్ని ఈ ఫోనే తుడిచేస్తుంది. సన్నగా ఉన్నదేదైనా దానికి వెనకున్నట్టే లెక్క," అన్నాడు బుచ్చిరాజు.

"ఒక్కదానికి ఉంటే సరిపోతుందా బాబాయ్?" అంది గాయత్రి.

"సరిపోదమ్మా."

నాలుగు మూలలా వల విసిరారు. ఒక్కో మూల అయిదేసి రొయ్యలు. బుచ్చిరాజు ఒక్కోదాన్నీ అడ్డంగా పట్టుకుని, మీసాలు కూడా లెన్సుకి అంతే దూరంలో ఉండేటట్టు వాలనిచ్చి, ఆవలిగట్టు మసకబారనిచ్చి తీశాడు. ఇరవై రొయ్యలు, ఇరవై ఫోటోలు, అన్నిటికీ నిండుగా మీసాలు. అన్నీ ధనుంజయ్‌కి పంపాడు. వలలవాళ్ళు చుట్టలు కాల్చడం మానేసి చూశారు. వాళ్ళలో రోజూ నవ్వేవాళ్ళు కూడా ఉన్నారు.

ధనుంజయ్ మధ్యాహ్నానికల్లా బండేసుకుని వచ్చాడు. నీళ్ళు చూశాడు, అడుగుమట్టి చూశాడు, రొయ్యల్ని పరీక్షకి పంపాడు. సాయంత్రం రోగం లేదని తేలింది. "ఫోటో చూసి తొందరపడ్డానండీ, తప్పు నాదే," అని అందరిముందూ అన్నాడు. ఆ మాట అనడానికీ గుండె కావాలి. గాయత్రి వలవాళ్ళకి టీ పోసి పంపించి, గట్టు మీదే కూలబడి బాగా ఏడ్చింది.

పాతిక రోజుల తర్వాత పంట పట్టుబడి. మొదటి వలలో పడ్డవాటిలో బొద్దుగా ఉన్నదాన్ని ఒకటి ఎడంచేత్తో పట్టుకుని గాయత్రి తన ఫోను తీసింది. "ఇవాళ నేను తీస్తాను బాబాయ్. మీరు ఆవలిగట్టు మీదికెళ్ళి నీళ్ళు చిలికే ఏరేటరు తాడు చూడండి."

బుచ్చిరాజు వెళ్ళి చూశాడు. తాడు బాగానే ఉంది. తిరిగొచ్చాక ఆమె ఫోటో చూపించింది. రొయ్య కన్ను మెరుస్తోంది, మీసాలు చివరిదాకా ఉన్నాయి. వెనక మసకలో గళ్ళ లుంగీతో, భుజాన తువ్వాలుతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

"బాగా తీశావమ్మా. వెనక ఎవరో అడ్డొచ్చారు."

"అడ్డు రాలేదు బాబాయ్. నేనే పంపించాను."

బుచ్చిరాజు ఫోటోని ఇంకోసారి చూశాడు. తువ్వాలు అంచుతో తెర తుడిచి ఫోను ఆమెకిచ్చేశాడు. తర్వాత చాలాసేపు రొయ్యలు తూస్తున్న తక్కెడ దగ్గరికి రాలేదు, చేయాల్సిన పనేమీ లేకపోయినా ఏరేటరు దగ్గరే నిలబడ్డాడు.