పగలు తగ్గే దొన

హార్స్‌లీ కొండకు వచ్చేవాళ్లు చూడాల్సిన చోట్లలో మా దొన కూడా ఒకటని ఏళ్ల తరబడి చెబుతున్నాను. ఒక్కరూ పట్టించుకోలేదు. కొండ మలుపులో పెట్టిన బోర్డు మీద గాలిబండ ఉంది, చెరువు ఉంది, పొద్దుగూకేది చూసే చోటు కూడా ఉంది. మా దొన లేదు. ఆ బోర్డుకు రంగు వేస్తున్న రోజు పక్కనే నిలబడి అడిగాను. "జాగా లేదప్పా" అన్నారు. అడుగున జానెడు జాగా నాకు కనబడుతూనే ఉంది. ఇప్పటికీ అది ఖాళీగానే ఉంది.

దొన అంటే బండలో తనంతట తాను ఏర్పడిన తొట్టి. మాది కురబలకోట వైపు వాలులో, రెండు పెద్ద గుండ్ల నడుమ ఉంటుంది. అడుగున ఉన్న పగులులోంచి నీళ్లు ఊరుతాయి. ఎండాకాలం మా అన్న గొర్రెలకు ఆ నీళ్లే దిక్కు. నేను మదనపల్లెలో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు అక్కడికి పోతుంటాను. గొర్రెల కోసం కాదు, ఆ దొనలో ఉన్న ఒక వింత కోసం. పొద్దున అది నిండుగా ఉంటుంది. సాయంత్రానికి తగ్గుతుంది. తెల్లారేసరికి మళ్లీ నిండుతుంది. గొర్రెలు మూతి పెట్టని రోజు కూడా అంతే.

చిన్నప్పుడు మా నాన్నను అడిగితే, "కొండ నిద్దరపోయేటప్పుడు నీళ్లు వదుల్తాది" అన్నాడు. బడిలో అడిగితే కూర్చోమన్నారు. బోరు పాయింట్లు చూసే ఆయనొకరు పుంగనూరు నుంచి మా ఊరికి వస్తే, పట్టుబట్టి దొన దాకా తీసుకుపోయాను. ఆయన అరచేతిలో టెంకాయ పెట్టుకొని గుండ్ల చుట్టూ తిరిగాడు. టెంకాయ లేచి నిలబడింది.

"ఈడ నీళ్లుండాయి" అన్నాడు.

"అది మాకూ కనబడతాండాదిలే అప్పా. సాయంత్రానికి యాడికి పోతాండాయో చెప్పు."

ఆయన టెంకాయను సంచిలో వేసుకొని కొండ దిగాడు.

అందరికంటే ఎక్కువ నొప్పించింది మాత్రం కుప్పంలో ఉండే మా బావమరిది. ఒక పెళ్లి పంక్తిలో కైగల్ జలపాతం ఫోటోలను ఫోనులో ఆకు ఆకుకూ చూపించాడు. జలపాతం మంచిదే, నేనెప్పుడూ కాదనలేదు. నల్లటి రాళ్ల మీద నీళ్లు పడి తుంపరలు మొహానికి తగులుతుంటే నేనూ అక్కడ నోరు తెరుచుకొని నిలబడ్డవాణ్ణే. ఆ పంక్తిలో నేను మా దొన మాట ఎత్తబోతే, "బావా, గొర్రెలు తాగే గుంతకు టికెట్టు పెడతావా యేంది?" అన్నాడు. పంక్తంతా నవ్వింది. ఆ నవ్వులో రసం వడ్డించేవాడు నా ఆకు దాటిపోయాడు. రెండూ నాకు గుర్తున్నాయి.

అందుకే ఈ ఎండాకాలం వాణ్ణి పిలిపించి, తెల్లవారుతూనే దొన దగ్గర కూర్చోబెట్టాను. వాడి ఆకువక్క డబ్బాలోని సున్నంతోనే నీటి మట్టం దగ్గర బండకు గీత గీశాను. మా సద్ది డబ్బా ఖాళీ చేసి, అదే నీళ్లతో నింపి పక్కనే పెట్టాను. అన్న గొర్రెలను అవతలి వాలుకు తోలుకుపోయాడు. బండలు కాలిపోతున్నాయి. గుండ్ల పైనున్న చెట్ల ఆకులు గలగలమంటున్నాయి తప్ప పిట్ట కూడా పలకడం లేదు. వాణ్ణి టీకి కూడా కదలనివ్వలేదు.

సాయంత్రానికి నీళ్లు గీతకు రెండు వేళ్లు కిందికి దిగాయి.

"ఎండకు ఆవిరైపోయింటాయి బావా."

"డబ్బా కూడా అదే ఎండలో ఉండాది. సూడు."

డబ్బాలో గోరంత మాత్రమే తగ్గింది. వాడు రెండింట్లోనూ వేలు పెట్టి చూశాడు. తర్వాత బోర్లా పడుకొని బండకు చెవి ఆనించాడు.

"ఏమన్నా వినబడతాండాదా?"

"నా కడుపు సప్పుడే వినబడతాండాది. పోదాం పద, కూడు పెట్టు."

అయినా ఆ రాత్రి వాడు కుప్పం పోలేదు. తెల్లారి నేను వెళ్లేసరికి దొన దగ్గర నిలబడి ఉన్నాడు. నీళ్లు మళ్లీ సున్నం గీతను తాకుతున్నాయి. డబ్బాలోవి మాత్రం పెరగలేదు.

"యాడికి పోయి వస్తాండాయి బావా ఇవి?" అన్నాడు. ఇన్నేళ్ల నా ప్రశ్న వాడి నోట వచ్చింది. రసం సంగతి ఎత్తాలనుకున్నాను.

అంతలో అన్న వచ్చాడు. కర్రతో గీతను చూపించి, అక్కణ్ణుంచి పైనున్న బండ అంచు దాకా కర్రను జరిపాడు. నడుమ జానెడు ఎడం ఉంది.

"మీరు గీత గీసింది ఆడ. పోయిన ఎండాకాలం పొద్దున్నే నీళ్లు ఈ అంచు దాటి పొర్లతా ఉండె. ఇప్పుడు నిండేదే ఇంత. వచ్చే ఏడు ఉంటాయా? ఉంటాయని ఎవురన్నా చెప్తే జీవాల్ని పెట్టుకుంటా. లేదంటే వానలు పడేలోగా సంతకు తోలేస్తా. సదువుకున్నోడివి, చెప్పురా."

బావమరిది తల ఎత్తి పైకి చూశాడు. "పగలంతా ఆ చెట్లు తాగతాండాయేమో బావా. రాత్రి నిద్దరపోతే తాగవు గదా" అన్నాడు. మా నాన్న మాట గుర్తొచ్చింది. అదే నిజమైతే పగలు తగ్గడానికి కారణం తెలిసినట్టే. మరి ఏడాదిలో జానెడు ఎందుకు తగ్గాయి? చెట్లు పెరగడం వల్లా, ఊట ఎండిపోవడం వల్లా?

ఈ మాట అడగడానికి నీళ్లకు సంబంధించిన ఆఫీసుకు పోయాను. చెట్ల ఆఫీసుకు పొమ్మన్నారు. అక్కడికి పోతే నీళ్ల ఆఫీసుకు పొమ్మన్నారు. బోర్డు సంగతి తర్వాత తేల్చుకుంటాను, అది నేను వదలను. ముందు ఇది చెప్పండి. నీళ్ల సంగతి తెలిసినవాళ్లు, చెట్ల సంగతి తెలిసినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే ఒక పొద్దున రండి, సాయంత్రం దాకా ఉండండి. కూడు మాది. సున్నం గీత ఇంకా చెరగలేదు. వచ్చే ఎండాకాలానికి ఆ దొనలో నీళ్లుంటాయా, ఉండవా? మా అన్న గొర్రెలను తోలకముందే నాకు జవాబు కావాలి.