ఒబ్దూలియా నింపిన గొట్టాలు

ఒబ్దూలియా చేతి మీద నాకున్నంత నమ్మకం మరియమ్మ తల్లి మీద కూడా లేదేమో. నా కూతురు రెమెదియోస్‌ను జ్ఞానస్నానం నాడు చేతుల్లో పట్టుకున్న జ్ఞానతల్లి ఆమె. అంటే ఆమె నాకు కొమాద్రె, నేను ఆమెకు కొంపాద్రె, తోబుట్టువు కన్నా ఎక్కువ. మెక్సికోలోని పువెబ్లాలో మా రెండిళ్లకూ గోడ ఒకటే. ఆమె పెళ్లి చేసుకోలేదు. ఇరవై రెండేళ్లుగా విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో పని.

అక్కడ ప్రోటీన్ ముక్కలతో పుండ్లు మాన్పే జిగురు చేస్తారు. నీళ్లలో కలిపితే ఆ ముక్కలు వాటంతటవే పేనుకుని కంటికి ఆనని దారాలవుతాయట, ఆ వల పట్టుకుని కొత్త చర్మం అల్లుకుంటుందట. సీసా తలకిందులు చేసినా జిగురు జారకూడదు. "జారిందా, నా వంట పాడైనట్టే!" అని నవ్వేది.

నాకు చక్కెర జబ్బు. కుడి పాదం మీద పుండు లేచింది. నేను కుమ్మరిని, ఆ పాదంతో తన్నితేనే నా సారె తిరిగేది. జిగురును మనుషుల మీద పరీక్షిస్తున్నారంటే వెళ్లాను. సగం మందికి మందులేని ఉత్త జిగురిస్తారని, ఎవరికేదో చెప్పరని కాగితంలో ఉంది. ఆ కాగితం పట్టుకుని ఒబ్దూలియా దగ్గరికి వెళ్లాను.

"జిగురు గొట్టాలు నింపేది నేనే కదా కొంపాద్రె, నేనుండగా భయమెందుకయ్యా?" అంది. సంతకం పెట్టేశాను.

ఐదు నెలలు ప్రతి ఆదివారం మొక్కజొన్న పిండితో ఉడికించిన తమాలెలు పట్టుకొచ్చి, కట్టు విప్పి చూసేది. "ఎండుతోంది. వేరే డాక్టరు దగ్గరికి పరిగెత్తకు" అనేది. ఎండితేగా! కుళ్లింది. పాదం తీసేశారు.

పరీక్ష ముగిశాక ఎవరికేది ఇచ్చారో రాసిన చీటీలు విప్పారు. నాది ఉత్త జిగురు. ఏ గొట్టం ఎవరిదో మొదటినుంచీ తెలిసింది ఒబ్దూలియా ఒక్కదానికే. కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు అంటారే, అలా అయింది నా బతుకు.

కోసిన చోట అసలు జిగురు పూశారు. మూడు వారాల్లో మానింది. మందు మంచిదే, కడుపు రగిలిపోయేంత మంచిది.

ఆదివారం మళ్లీ వచ్చింది. గుమ్మంలోనే నిలబెట్టాను.

"నోరు విప్పితే తొంభై మంది పరీక్ష మట్టికొట్టుకుపోయేది కొంపాద్రె. ఎవరికీ చెప్పనని ప్రమాణం చేశాను."

"దాచమన్నారు, దాచావు. సరే తల్లీ. ఎండుతోందని చెప్పమని ఎవరన్నారే?"

ఆమె ఏడ్చింది. నాకు జాలి కలగలేదు, అబద్ధమెందుకు.