మా ఫ్రిజ్‌లో అంకుల్ ఇన్సులిన్

మా ఆయన మందుని సింకులో వంపించిన పెద్దమనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. పక్కనే నిలబడి చప్పట్లు కొట్టిన నా మీద అంతకంటే ఎక్కువ కోపం. ఆయనకు తెలియదనుకుందాం. నర్సుని, నాకేమొచ్చిందట?

డబ్బు పోటెత్తి, సెల్టిక్ టైగర్ అంటూ ఐర్లండ్ అంతా జబ్బలు చరుచుకుంటున్న రోజులవి. మేమున్న అత్లోన్ ఊరి చుట్టూ ఏ పొలం చూసినా కొత్త ఇళ్ళు లేస్తున్నాయి. పక్క ఊరి ఆసుపత్రిలో నర్సు ఉద్యోగానికి నేను వచ్చాను, నా వెనకే మా ఆయన వచ్చాడు. గుంటూరులో లెక్కల మాస్టారు. ఇక్కడ ఆ కొత్త ఇళ్ళకు వెళ్ళే టైల్స్ పెట్టెలు గోడౌనులో ఎత్తేవాడు. ఏడాది తిరక్కుండా నడుము పట్టేసింది. మందుల షాపుకి వెళ్తే డాక్టరు చీటీ అక్కర్లేకుండానే నొప్పి మాత్రలిచ్చారు. వాటిలో కోడీన్ ఉంటుంది. అది నల్లమందు జాతిది. ఆ సంగతి నాకు తెలుసు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా షాపులో అమ్మేదేగా అనుకున్నాను.

రెండు మాత్రలు ఆరయ్యాయి, ఆరు ఇరవై అయ్యాయి. ఒకే షాపులో అడిగితే అనుమానమొస్తుందని సోమవారం ఒక షాపు, మంగళవారం ఇంకో షాపు. ఒకరోజు కందిపప్పు డబ్బా కోసం వంటింటి అలమరాలో, ఇక్కడివాళ్ళ భాషలో ప్రెస్‌లో, చెయ్యి పెడితే ఖాళీ మాత్రల పెట్టెలు జలజలా రాలిపడ్డాయి. నేను అరిచిన అరుపుకి పక్కింటావిడ వచ్చి తలుపు కొట్టింది. తిట్టాను, ఏడ్చాను, మా పాప మీద ఒట్టు వేయించుకున్నాను. నాలుగు రోజులు నిలబడింది ఆ ఒట్టు. నాలుగు రోజులూ ఒళ్ళు విరుచుకుపోతూ, ముక్కు కారుతూ, వాంతులతో బాత్రూం నేల మీదే పడున్నాడు. "మత్తు కోసం వేసుకోవట్లేదే నేను. మామూలుగా ఉండటం కోసం వేసుకుంటన్నా" అన్నాడు. నాటకాలాడకండి అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా నోరంటే నాకే అసహ్యం.

చివరికి మా జీపీ, అంటే మా ఇంటి డాక్టరు, దగ్గరికి లాక్కెళ్ళాను. ఆవిడ అంతా విని, ఇది జబ్బు, దీనికి వైద్యం ఉంది అంది. నెలల తరబడి ఎదురుచూశాక మెథడోన్ అనే మందు మొదలుపెట్టారు. ఆకుపచ్చటి ద్రవం. రోజూ పొద్దున్నే మందుల షాపుకెళ్ళి, కౌంటరు దగ్గర వాళ్ళ కళ్ళముందే తాగాలి. ఆదివారం షాపు ఉండదు గనుక ఆ రోజు మోతాదుని చిన్న సీసాలో శనివారమే ఇచ్చేవారు. వారానికోసారి కౌన్సెలరుతో మాటలు. మూడు నెలల్లో మనిషి తేరుకున్నాడు. కూర్చుని అన్నం తిన్నాడు. పాపకు ఎక్కాలు చెప్పాడు. "డాడీ ఈజ్ గ్రాండ్ నౌ" అంది అది. గ్రాండ్ అంటే ఇక్కడ బాగున్నట్టు.

అంతా ఒక దారిలో పడుతోందనగా నాకు భక్తి ముదిరింది.

ఆదివారం మధ్యాహ్నం తెలుగువాళ్ళ ప్రార్థన మా ఇంట్లోనే జరిగేది. పోర్ట్‌లీష్ నుంచి కూడా వచ్చేవాళ్ళు. నడిపించేది ఒక అంకుల్. పెద్దవారు, మంచి కంఠం, షుగరు మనిషి. రాగానే ఇన్సులిన్ పెట్టె నా చేతికిచ్చి "అమ్మా, కాస్త ఫ్రిజ్‌లో పెట్టు" అనేవారు. ప్రార్థన అయ్యాక నేనే తీసిచ్చేదాన్ని. చొక్కా ఎత్తి పొట్టలో పొడుచుకుని బిర్యానీకి కూర్చునేవారు.

మా ఆయన సంగతి ఆయనకు చెప్పింది నేనే. నా కోసం ప్రార్థన చేస్తారనుకున్నాను. ఆయన మా ఆయన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నారు. "బాబూ, మాత్రలు మాని ఈ పచ్చ మందు పట్టావు. ఒక మత్తు వదిలి ఇంకో మత్తు. ఇది విడుదల ఎట్టా అవుద్ది? నమ్మకం ఉంటే వదిలెయ్. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పు."

మా ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను. ఆ తలకాయని గోడకేసి కొట్టుకున్నా పాపం లేదు.

మరుసటి ఆదివారం అందరి ముందూ నిలబడి, దేవుడు విడిపించాడని సాక్ష్యం చెప్పాడు. తర్వాత అందరం వంటింట్లోకి నడిచాం. అంకుల్ వచ్చి మా ఆయన మోచెయ్యి పట్టుకుంటే, ఆయన ఆ రోజు తాగాల్సిన సీసా మూత తీసి సింకులో వంపేశాడు. అందరూ స్తోత్రం అన్నారు. నేను చప్పట్లు కొట్టాను. ఆ చేతులతోనే ఫ్రిజ్ తెరిచి అంకుల్‌కి ఇన్సులిన్ అందించాను. సింకుకీ ఫ్రిజ్‌కీ మధ్య రెండడుగుల దూరం. నా మట్టి బుర్రకి ఏమీ తట్టలేదు.

సాక్ష్యం చెప్పినవాడు మళ్ళీ ఆ కౌంటరు ముందు ఎలా నిలబడతాడు? మనవాళ్ళెవరో ఒకరు చూస్తారు, నలుగురికీ చెబుతారు. వారం రోజులు పళ్ళు బిగబట్టాడు. ఆ తర్వాత నాకు తెలియకుండా మళ్ళీ మాత్రలే. ఎలా ఉందండీ అని అడిగితే "గ్రాండ్" అనేవాడు. అంకుల్ మాత్రం కొత్తగా వచ్చినవాళ్ళకు ఆయన్ని చూపించి మురిసిపోయేవారు.

ఆరు వారాలకు, ఒక సోమవారం పొద్దున, నేను వార్డులో ఉండగా కింద ఎమర్జెన్సీ నుంచి ఫోను. గోడౌనులో రక్తం కక్కుకుని పడిపోయాడట. ఆ మాత్రల్లో కోడీన్‌తో పాటు ఉండే ఇంకో నొప్పి మందు కడుపులో పుండు చేసింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు.

"మెథడోన్ ఎవరు ఆపమన్నారు?" అని అడిగింది అక్కడి డాక్టరు.

"మేమే" అన్నాను.

ఆవిడ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఓపిగ్గా చెప్పింది. మెదడు ఆ మాత్రలకి అలవాటుపడిపోయి, అవి లేకపోతే ప్రాణం పోతుందని ఒళ్ళంతటికీ చెబుతుందట. భక్తీ పట్టుదలా పెళ్ళాంబిడ్డల మీద ప్రేమా ఏవీ దానికి వినపడవట. మెథడోన్ ఇచ్చేది మత్తు కోసం కాదు, ఆ గోల ఆగి మనిషి తన బతుకు తను చక్కబెట్టుకోవడానికి.

మధ్యాహ్నం ఆయన బట్టల కోసం ఇంటికొచ్చేసరికి గుమ్మంలో అంకుల్.

"నిన్న ఇన్సులిన్ మీ ఫ్రిజ్‌లోనే మర్చిపోయానమ్మా. ఇంట్లో ఉన్నది పొద్దున్నే అయిపోయింది" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "అబ్బాయి సంగతి తెలిసింది. నమ్మకంలో ఎక్కడో తగ్గాడమ్మా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫ్రిజ్ తెరిచి ఆ పెట్టె తీసి సింకు మీద పట్టుకున్నాను.

"ఇది లేకుండా ఎన్ని రోజులుంటారు అంకుల్?"

"అదేందమ్మా, రెండ్రోజులు కూడా ఉండలేను."

"నమ్మకం ఉంటే వదిలెయ్యండి. వచ్చే ఆదివారం సాక్ష్యం చెబుదురుగాని."

ఆయన పెట్టె కోసం చెయ్యి చాపారు. "నాది జబ్బమ్మా" అన్నారు.

"ఆయనదీ జబ్బే."

ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. జీపీ చెప్పింది, ఆసుపత్రి డాక్టరు చెప్పింది, బాత్రూం నేల మీద పడి మా ఆయనే చెప్పాడు. నేను అనడానికి ఇన్నాళ్ళు పట్టింది.

పెట్టె తీసుకొచ్చి ఆయన చేతిలో పెట్టాను. "టైముకి వేసుకోండి" అన్నాను. సాగనంపడానికి గుమ్మం దాకా వెళ్ళలేదు. ఆ తర్వాత ప్రార్థన మా ఇంట్లో జరగలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక మెథడోన్ మళ్ళీ చిన్న మోతాదుతో మొదటి నుంచి మొదలుపెట్టారు. తొలిరోజు నేనూ వెంట వెళ్ళాను. షాపులో మా ప్రార్థనకు వచ్చే ఒకావిడ దగ్గు మందు కోసం నిలబడి ఉంది. ఆవిడను చూడగానే మా ఆయన వెనక్కి తిరిగాడు. మోచెయ్యి పట్టుకున్నాను. అంకుల్ పట్టుకున్న మోచెయ్యే. కౌంటరు దాకా నడిపించాను. తాగి, ఖాళీ కప్పు అక్కడ పెట్టాడు. ఆవిడ చూస్తూనే ఉంది.

ఈసారి నేను చప్పట్లు కొట్టలేదు. రేపు ఎన్ని గంటలకు తెరుస్తారని అడిగాను.