లంకలో ఆ కుర్రాడు ఎందుకు ఏడ్చాడంటే

మా అమ్మ పుట్టిల్లు దివిసీమలో ఒక లంక. నాగాయలంక దాకా బస్సులో వెళ్ళి, అక్కణ్ణించి మనుషుల్నీ సైకిళ్ళనీ గేదెల్నీ కలిపి ఏరు దాటించే పంటు ఎక్కాలి. ఆ ఊరి చర్చిలో ప్రతి క్రిస్మస్‌కీ ఒక సాక్ష్యం చెప్పుకుంటారు. ఒక ఏడు పండక్కి తెల్ల కుర్రాడొకడు వచ్చాడనీ, ఊరి ప్రేమ చూసి సొంత ఇంటిని కూడా మర్చిపోయాడనీ, ఆత్మ తాకి వేదిక మీదే ఏడ్చేశాడనీ. సంఘ పెద్ద అయిన మా మావయ్య చాలా ఏళ్ళు ఈ కథ చెప్పాడు. నేనూ మైకు పట్టుకుని చెప్పాను, ఒకసారి కాదు. ఇప్పుడు చర్చికి యాభై ఏళ్ళు నిండాయని పుస్తకం వేస్తూ, ఆ సంగతి నన్నే రాసిమ్మన్నారు.

అతను ఏడ్చిన మాట నిజం. తక్కినదంతా నేను కల్పించింది.

అప్పటికి నాకు ముప్ఫై నిండలేదు. గుడివాడలో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. మా వీధి చివర మేడమీద వాటాలో ఇద్దరు కుర్రాళ్ళు అద్దెకు దిగారు. ఒకడు అమెరికావాడు, రెండోవాడు మద్రాసు వైపువాడు, తెలుగు అంతంతమాత్రం. తెల్ల చొక్కా, టై, జేబు దగ్గర నల్లటి పేరు పలక. మోర్మన్ అనే అమెరికా క్రైస్తవ శాఖ పంపిన మిషనరీలు. రెండేళ్ళు ఇంటి ముఖం చూడకూడదు, ఎక్కడికెళ్ళినా ఇద్దరూ కలిసే వెళ్ళాలి. మా సంఘాల్లో పెద్ద అంటే తల నెరిసినవాడు. వీళ్ళకి పలక మీదే ఎల్డర్, అంటే పెద్ద, అని రాసుంటుందని తెలిసి మా ఇంటి ఓనరు, "మీసాలు మొలవకుండానే పెద్దలైపోయారేంటండీ!" అని నవ్వాడు. దానికన్నా మా వీధికి వింతగా తోచింది, వాళ్ళు టీ, కాఫీ ముట్టకపోవడం. ఇంటికొచ్చిన మనిషికి టీ ఇవ్వకుండా ఎలా పంపాలో తెలియక మా ఆవిడ మొదట్లో తెగ ఇబ్బంది పడేది. తర్వాత మజ్జిగ ఇవ్వడం మొదలుపెట్టింది.

అమెరికా కుర్రాడు సాయంత్రాలు నా దగ్గర తెలుగు నేర్చుకునేవాడు. ఒడ్డూ పొడుగూ ఉన్నా మొహం పసిది. నన్ను అన్నయ్యా అనేవాడు. మాట తెలియకపోతే కళ్ళు మూసుకుని వెతుక్కునేవాడు, దొరికాక తెరిచేవాడు.

వాళ్ళు ఇంటికి ఏడాదికి రెండుసార్లే ఫోన్ చెయ్యాలి. క్రిస్మస్‌కి ఒకసారి, వేసవిలో వాళ్ళ అమ్మల పండక్కి, అదే మదర్స్ డేకి, ఒకసారి. ఆ నవంబరులో అతని తండ్రికి కాన్సరని ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికే ముదిరిపోయింది.

"వెళ్ళిపోరాదా తమ్ముడూ? ఎవరు కాదంటారు?" అన్నాను.

"నాన్నే వద్దన్నారు అన్నయ్యా. పని సగంలో వదిలి రావద్దన్నారు." కాసేపు కళ్ళు మూసుకుని, తర్వాత అన్నాడు: "ఈ క్రిస్మస్‌కి నాన్న మాట్లాడతారు. వచ్చే క్రిస్మస్ గురించి డాక్టర్లు ఏమీ చెప్పడం లేదు."

ఈ మాట నేను మా అరుగు మీద కూర్చుని, తెలుగులో విన్నాను. నాకు తెలియదని తర్వాత ఎవరితోనూ అనడానికి వీల్లేదు.

ఆ నెలలోనే మా మావయ్య గుడివాడ వచ్చాడు. వీధిలో ఆ కుర్రాణ్ణి చూసి నిలబడిపోయాడు. "అల్లుడూ, ఈ దొరబాబు నీకు తెలుసా? మన క్రిస్మస్‌కి తీసుకురాకూడదూ?" ఉప్పెన తర్వాత వైద్యం చెయ్యడానికొచ్చిన డాక్టర్లు వెళ్ళిపోయాక ఆ లంకలో తెల్లవాళ్ళెవరూ అడుగుపెట్టలేదు. అప్పటిదాకా మా అమ్మవైపు వాళ్ళకి నేను జీతం చాలని మాస్టారుని, అంతే. మావయ్య ఆ మాట అడుగుతుంటే నా ఎత్తు కొంచెం పెరిగినట్టనిపించింది. "తప్పకుండా మావయ్యా," అన్నాను. కుర్రాణ్ణి అడగకుండానే.

అడిగితే అతను వెనకాడాడు. పండగ రోజు రాత్రి ఎనిమిదికి ఫోన్ చెయ్యాలి, అప్పుడు వాళ్ళకి క్రిస్మస్ పొద్దు. తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టి అందరూ కాచుకుని ఉంటారు. నేను లెక్క చెప్పాను. మూడింటికి లంకలో బయల్దేరితే చీకటిపడేసరికి బందరు చేరతాం. బస్టాండ్ దగ్గర ఐఎస్‌డీ బూత్ అతను నాకు తెలుసు, పండగైనా తెరిచి ఉంచుతాడు. ఒకవేళ ఆలస్యమైనా దారిలో అవనిగడ్డలోనూ బూత్ ఉంది.

"మాట ఇస్తున్నావా అన్నయ్యా?"

"ఇస్తున్నా."

తెల్లవారకముందే ముగ్గురం గుడివాడలో బస్సెక్కాం. గుడ్లవల్లేరు దగ్గర పొగమంచులో రోడ్డు కనపడక డ్రైవరు తల బయటపెట్టి నడిపాడు. బందరులో బస్సు మారాం. నాన్నతో ఏమేం చెప్పాలో అతను వేళ్ళు ముడుస్తూ దారంతా గుర్తుచేసుకుంటున్నాడు. మా ఇంటి మజ్జిగ సంగతి కూడా అందులో ఉంది.

లంక రేవులో ఊరంతా నిలబడి ఉంది. డప్పులు, బంతిపూల దండలు, రంగు కాగితాల నక్షత్రం. వరసకి నాకు పెద్దమ్మ అయ్యే ముసలామె అందర్నీ తోసుకుంటూ వచ్చి అతని గడ్డం పట్టుకుంది. ఉప్పెనలో ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి. తెల్ల డాక్టరమ్మ తనని బతికించిందని ఇప్పటికీ ప్రార్థనలో చెప్పుకుంటుంది.

"ఏరా అబ్బాయ్, పాలుగారే పిల్లోణ్ణి పండగపూట ఆళ్ళమ్మకి లేకుండా తీసుకొచ్చావే!" అంది నాతో.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆరాధన మధ్యాహ్నం దాకా సాగింది. తర్వాత పలావు, రొయ్యల కూర, అరిసెలు. ఒకళ్ళింట్లో తిని ఇంకొకళ్ళింట్లో తినకపోతే తప్పని ఇంటింటా కూర్చోబెట్టారు. అతను అన్ని చోట్లా తిన్నాడు. మూడింటికి నా దగ్గరకొచ్చి చేతి గడియారం చూపించాడు.

"పది నిమిషాలు తమ్ముడూ. పిల్లల నాటకం చూడకుండా వెళ్తే బాగోదు."

నాటకం మొదలవడానికే చాలాసేపు పట్టింది. తలలకి తువ్వాళ్ళు చుట్టుకున్న గొర్రెల కాపరులు ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు. హేరోదు రాజుకి మీసం ఊడిపోతే జనం ఈలలు వేశారు. తర్వాత కేకు, శాలువాలు. శాలువా కప్పిన ప్రతివాడూ మాట్లాడాడు. మావయ్య నన్ను కూడా పిలిచి శాలువా కప్పాడు. "మా మేనల్లుడు మాకిచ్చిన క్రిస్మస్ కానుక!" అన్నాడు మైకులో. మా అమ్మవైపు వాళ్ళు నాకోసం చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

పొద్దు వాలుతోంది. చీకటి పడితే పంటు కట్టేస్తారు. మద్రాసు కుర్రాడు కింద నుంచి నాకు సైగలు చేస్తున్నాడు. నేను అటు చూడలేదు.

చివరికి అతనికి మైకిచ్చారు. కళ్ళు మూసుకుని మాటలు వెతుక్కుని తెలుగులో మొదలుపెట్టాడు: "అందరికీ వందనాలండీ. నేను ఇప్పుడు..."

అంతే. దొర తెలుగు మాట్లాడాడని జనం లేచి కేకలు, చప్పట్లు. మిగతా మాట ఎవరికీ వినపడలేదు. ఆగాడు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ కేకలు. నావైపు తిరిగి, మైకు నా చేతికిచ్చి ఇంగ్లీషులో, మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాడు. ఇప్పుడే వెళ్ళాలనీ, తండ్రి ఫోన్ కోసం కాచుకుని ఉన్నాడనీ, తనని క్షమించి పంపమని వీళ్ళకి చెప్పమనీ.

మైకు నా చేతిలో ఉంది. ఎదురుగా ఊరంతా నా నోటివైపు చూస్తోంది. భుజం మీద శాలువా ఉంది.

"దొరబాబు ఏమంటున్నారంటే, మీ ప్రేమ చూస్తుంటే ఇక్కణ్ణించి వెళ్ళాలనిపించడం లేదంటున్నారు. సొంత ఇల్లు కూడా గుర్తు రావడం లేదంటున్నారు."

అతనికి ఆపాటి తెలుగు వచ్చు. నేనే నేర్పాను. నావైపు చూశాడు. పొరపాటు చేశాననుకుని సరిదిద్దుతానేమోనని ఎదురుచూసినట్టే చూశాడు. తర్వాత మొహం ముడుచుకుపోయింది, అంత పొడుగు మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జనం నిశ్శబ్దమైపోయారు. ఏదో ఒకటి చెప్పాలి. "ఆత్మ తాకింది," అన్నాను. మావయ్య "హల్లెలూయా" అన్నాడు. ఊరంతా అంది.

మేం రేవుకి చేరేసరికి పంటు అవతలి ఒడ్డున కట్టేసి ఉంది.

"వేరే బోటు దొరకదా సార్?" అన్నాడు మద్రాసు కుర్రాడు.

"పండగ రోజు ఎవరు తీస్తారు?" అన్నాను. ఎవర్నీ అడగలేదు. అడగాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే మైకులో నేనన్న మాట అబద్ధమని తేలిపోతుంది.

ఎనిమిదయినప్పుడు మేం చర్చి వసారాలో కూర్చుని ఉన్నాం. అతను గడియారం తీసి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు మొదటి పంటుకే దాటి అవనిగడ్డ బూత్ తెరిచేసరికి అక్కడున్నాం. లోపలికెళ్తూ ఆగి, "అక్కడ ఇంకా క్రిస్మస్సే అన్నయ్యా. రాత్రి అయింది, అంతే," అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అద్దాల తలుపు వెనక లైను కలవడం, అతను నవ్వడం చూశాను. తర్వాత నవ్వు ఆగింది. చాలాసేపు వింటూ నిలబడ్డాడు. రిసీవరు పెట్టేసి కూడా బయటికి రాలేదు. వెనక ఫోన్ చెయ్యడానికొచ్చినాయన, "కానివ్వండి బాబూ," అనేదాకా అలాగే ఉన్నాడు.

"నాన్న పొద్దుణ్ణించీ ఫోన్ పక్కనే కూర్చున్నారట," అన్నాడు బయటికొచ్చి. "పడుకోమంటే పడుకోలేదట. మధ్యాహ్నం ఊపిరాడక హాస్పిటల్‌కి తీసుకెళ్ళారట. ఇప్పుడు మాట్లాడలేరు."

జనవరిలో తండ్రి పోయాడు. ఆ మధ్యలో మళ్ళీ నోట మాట రాలేదట. అతను అప్పుడూ వెళ్ళలేదు. కొన్నాళ్ళకి ఇద్దర్నీ వేరే ఊరికి మార్చారు. వెళ్ళేముందు చెప్పి వెళ్దామని మా ఇంటికొచ్చారు. మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. తాగి, గ్లాసు కింద పెట్టి అతను అన్నాడు: "ఆ రోజు వేదిక మీద నా ఇంగ్లీషు మీకు సరిగ్గా అర్థం కాలేదేమో అన్నయ్యా. నేను కంగారులో ఉన్నాను."

నేను తప్పించుకోవడానికి తలుపు తెరిచిపెట్టాడు. పంతొమ్మిదేళ్ళవాడు.

"అవును తమ్ముడూ, మైకు గోలలో వినపడలేదు," అన్నాను.

తలూపి లేచాడు. రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు. మద్రాసు కుర్రాడు మాత్రం దండం పెట్టలేదు. వేదిక మీద చెప్పిన అబద్ధం ఊరికి చెప్పింది. ఇది అతనికే చెప్పాను. రెండిట్లో నాకు నిద్ర పట్టనివ్వనిది ఎక్కువగా ఇదే.

ఆ తర్వాత అతనేమయ్యాడో తెలియదు. ఆచూకీ కోసం నేను గట్టిగా ప్రయత్నించానని కూడా చెప్పను.

పుస్తకానికి రాయమన్నాక, ముందు లంకకెళ్ళి మావయ్యకి చెప్పాను. ఆయన మంచం మీద ఉన్నాడు, పెద్దమ్మ పక్కన కూర్చుని విసురుతోంది.

"ఇప్పుడెందుకయ్యా ఇదంతా? ఆ సాక్ష్యం విని తాగుడు మానినవాళ్ళున్నారు మన ఊళ్ళో. అలా ఉండనియ్యి," అన్నాడు మావయ్య, అంతా విని.

పెద్దమ్మ విసనకర్ర ఆపింది.

"ఆ పొద్దు మా తమ్ముడి మోటారు బోటు రేవులోనే ఉంది గదరా," అంది. "ఆడు పండగని తాగి పడుకోలేదు, పందిట్లోనే ఉన్నాడు. ఆ పిల్లోడి నాన్న సావుబతుకుల్లో ఉన్నాడని ఒక్క ముక్క సెప్పుంటే, పాట మజ్జెలో ఆపేసి ఎక్కిచ్చేవోళ్ళం. నేనూ ఎక్కేదాన్ని. నా పిల్లలు పోయేటప్పుడు నన్నొక మాట పిలిచారో లేదో నాకు తెలవదు. నాకు తెలవదంట్రా ఆ బాధ?"

మళ్ళీ రెండుసార్లు విసిరి ఆపింది.

"ఆళ్ళమ్మ ఏమనుకుని ఉంటది? అక్కడెక్కడో ఊరోళ్ళు మా పిల్లోణ్ణి పోనియ్యలేదనుకుని ఉంటది. ఇన్నేళ్ళూ అదే అనుకుంటా ఉండుంటది."

మావయ్య గోడవైపు తిరిగి పడుకున్నాడు. వేస్తే ఇదే వెయ్యండి, లేకపోతే ఆ పేజీ వదిలెయ్యండి అని చెప్పి లేచాను. వేస్తారో లేదో తెలియదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. లంకవాళ్ళు ఆ రోజు ఆ కుర్రాణ్ణి ఆపలేదు. బోటుంది, తోలే మనిషి ఉన్నాడు. అతను వెళ్ళాలని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.