వేలిముద్రలు పడని అయ్యగారు

"ఇంకొంచెం గట్టిగా నొక్కండి సార్" అంది వీసా ఆఫీసులో కౌంటరు వెనక అమ్మాయి.

ఆయన నొక్కాడు. గాజు పలక కింద పచ్చటి వెలుగు ఒకసారి పాకి, ఎర్రగా మారి ఆరిపోయింది. ఆ అమ్మాయి తడిగుడ్డ ఇచ్చి తుడుచుకోమంది. తుడుచుకున్నాడు. పొడిగుడ్డ ఇచ్చింది. దాంతోనూ తుడుచుకున్నాడు. యంత్రం మాత్రం తనకు ఏ మనిషీ కనిపించడం లేదన్నట్టు మళ్లీ ఎర్రబడింది. వెనక వరసలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు.

"మీరేం పని చేస్తారు సార్?"

"సంఘ కాపరినమ్మా. పాస్టర్ని."

ఆ అమ్మాయి ఆయన వేళ్లు తిప్పి చూసింది. నున్నగా, మెరుస్తూ, నదిలో రాళ్లలా ఉన్నాయి.

"వాక్యం చెప్తే వేళ్లు అరగవు కదండీ" అంది నవ్వాపుకుంటూ.

"ఆదివారాలు వాక్యం. మిగతా రోజులు ఇళ్లకి టైల్స్ వేస్తాను."

అప్పుడు అర్థమైంది ఆ అమ్మాయికి. సిమెంటు పని చేసేవాళ్లతో తమకు ఎప్పుడూ ఇదే ఇబ్బంది అనీ, కొన్నాళ్లు చేతులకు పూర్తిగా విశ్రాంతి ఇస్తే గీతలు మళ్లీ పైకి తేలతాయనీ, అప్పుడు రమ్మనీ చెప్పింది. సిమెంటు ముట్టకూడదు, సబ్బునీళ్లలో చెయ్యి పెట్టకూడదు, బరువులెత్తకూడదు.

"అంటే ఏం చెయ్యమంటావమ్మా?"

"ఏమీ చెయ్యొద్దంటున్నాను సార్."

ఆ మాట ఆయనకు ఒక పట్టాన అర్థం కాలేదు.

అర్థం కాకపోవడానికి కారణముంది. ఆయన తండ్రి కూడా టైల్స్ మేస్త్రీయే. మాటలు రాకముందే దారం కట్టి మట్టం చూడటం వచ్చింది ఈయనకు. వయసులో ఉండగా ఒక చిన్న ప్రార్థనా మందిరానికి నేల వెయ్యడానికి వెళ్లాడు. అప్పటి పాస్టరు వయసు మళ్లినవాడు, ఉబ్బసం మనిషి. నేల సగంలో ఉండగా ఒక ఆదివారం ఆయనకు ఊపిరాడక, "నాయనా, ఈ అధ్యాయం కాస్త చదివిపెట్టు" అని పుస్తకం ఈయన చేతిలో పెట్టాడు. సిమెంటు మరకల బట్టలతోనే నిలబడి చదివాడు. మరుసటి ఆదివారమూ చదివాడు. నేల పూర్తయింది గాని ఈయన మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు. పెద్దాయన కన్నుమూశాక సంఘం ఈయన్నే అయ్యగారని పిలవడం మొదలుపెట్టింది.

పిలిచింది కదా అని ఆయన అన్నీ నెత్తినేసుకున్నాడు. బల్లలు సర్దేది ఆయనే, మైకు బాగుచేసేది ఆయనే. ఎవరింట్లో కుళాయి కారినా ఆయనకే కబురు, ఏ మొగుడూ పెళ్లాలూ పోట్లాడుకున్నా ఆయనకే కబురు. ఎవరైనా పోతే అందరికంటే ముందు వెళ్లి, కుర్చీలు వేయించి, సమాధి దగ్గర పార కూడా తనే అందుకునేవాడు. ఊపిరి సలపని ఆ బతుకులోకి సముద్రం అవతలి దీవి నుంచి ఒక పిలుపు వచ్చింది. అక్కడి సంఘం వాళ్లు కట్టుకుంటున్న మందిరం సగంలో ఆగిపోయిందట. వాక్యమూ చెప్పగలిగి, నేలా వెయ్యగలిగిన మనిషి కావాలట. అలాంటి మనిషిని వాళ్లు ఎక్కడని వెతుకుతారు? ఒళ్లు ఏమంటుందో అడక్కుండానే ఆయన వస్తానని మాటిచ్చేశాడు.

జరిగిందంతా ఇంటికొచ్చి భార్యకు చెప్పాడు. ఆవిడ కుట్టుపని చేస్తుంది. మర్నాటికల్లా తెల్లటి నూలు గుడ్డతో రెండు జతల తొడుగులు కుట్టి, వాటి లోపలకు వెన్నలాంటి మందు పట్టించి, మొగుడి చేతులకు తొడిగేసింది.

"నలుగురూ చూస్తే నవ్వరటే?"

"నవ్వనివ్వండి. నవ్వితే వాళ్లకీ మంచిదే."

నవ్వారు కూడా. పెళ్లికొడుకులా ఉన్నారని ఒకరు, ట్రాఫిక్ పోలీసులా ఉన్నారని ఇంకొకరు. మొదటి ఆదివారం ఆయన బల్ల ఎత్తబోతే ముగ్గురు ఆడవాళ్లు ఒక్కసారిగా కేకేశారు. అమ్మగారి ఆజ్ఞ అందరికీ చేరిపోయిందన్నమాట. ఆయన గోడవార నిలబడి, తన పనులన్నీ వేరేవాళ్లు చేస్తుంటే చూశాడు. వాళ్లు బల్లలు వంకరగా వేశారు. మైకు కీచుమంది. అయినా ఆరాధన జరిగింది. ఎవరి కొంపా మునగలేదు. ఆ సంగతి ఆయనకు ఎందుకో మింగుడుపడలేదు.

చేతికి పని లేకపోతే ఏమవుతుందో ఆయనకు ఆ రోజుల్లో తెలిసొచ్చింది. ఇన్నేళ్లూ ఒంట్లో ఎక్కడో ఒక మూల అణిగి ఉన్న అలసట, ఇల్లు ఖాళీగా ఉందని తెలిసిన చుట్టంలా, మెల్లగా ఒక్కో గదిలోకీ వచ్చి కూర్చుంది. మోకాళ్లలోకి వచ్చింది. మెడలోకి వచ్చింది. ప్రార్థనకి కళ్లు మూసుకుంటే మాటలు రాలేదు. దీవిలో చెప్పాల్సిన ప్రసంగాలు సిద్ధం చేసుకుందామని కూర్చుంటే, చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదివాడు. అక్కడివాళ్లు ఆయన్ని ఆనందం గురించి చెప్పమన్నారు.

సంఘంలో మేడమీదమ్మ అని ఒక ముసలావిడ ఉంది. అసలు పేరు చాలామందికి తెలియదు. మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటుంది, మంచం దిగలేదు. అయ్యగారు వారానికోసారి వెళ్లేవాడు. వెళ్తూనే నీళ్లు పట్టి, దిండు సర్ది, ఊడిన కిటికీ రెక్క బిగించి, నిలబడే ప్రార్థన చేసి, మెట్లు దిగిపోయేవాడు. ఈసారి తొడుగులతో వెళ్లాడు. చెయ్యడానికి ఏమీ లేక మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాడు.

"ఏంటి, కూర్చున్నావు?" అంది ఆవిడ ఆశ్చర్యంగా.

"ఊరికే అమ్మా."

"ఇన్నేళ్లలో నువ్వు కూర్చోగా నేను చూళ్లేదు నాయనా. కూర్చో, కూర్చో."

ఇక ఆవిడ గుక్క తిప్పుకోకుండా మొదలుపెట్టింది. తన పెనిమిటి ఓడరేవులో పనిచేసేవాడట. ఎప్పుడూ టోపీ మర్చిపోయేవాడట. ఆ టోపీ కోసం మళ్లీ వెనక్కొచ్చి, ఆవిణ్ణి ఇంకోసారి చూసి వెళ్లేవాడట. "మర్చిపోయేవాడో, మర్చిపోయినట్టు నటించేవాడో, అడుగుదామనుకుంటూనే అడగలేకపోయాను" అంది. అయ్యగారు తలూపుతూ విన్నాడు. తలూపడం ఎప్పుడు ఆగిందో ఆయనకే తెలియదు.

మెలకువ వచ్చేసరికి కిటికీలో ఎండ గోడ మీదికి జరిగింది. ముసలావిడ కళ్లు తెరుచుకుని, పెదాల మీద వేలు పెట్టుకుని ఉంది. గుమ్మంలో సంఘ పెద్ద చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. సంఘంలో అందరూ ఆయన్ని డ్రైవరన్న అంటారు. ఆవిడ మందులు ఇచ్చిపోదామని వచ్చి, అలికిడి చెయ్యొద్దని ఆవిడ సైగ చేస్తే అక్కడే ఆగిపోయాడట.

అయ్యగారికి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. "క్షమించమ్మా. నీ దగ్గరకొచ్చి నిద్రపోయాను."

"ఎందుకయ్యా క్షమాపణ? నా ఇంట్లో ఒక మనిషికి ఇంత నిద్రపట్టి ఎన్నాళ్లయింది! నేనింకా దేనికో ఒకదానికి పనికొస్తున్నాను" అంది ఆవిడ. ఆవిడ ముఖం నిజంగానే వెలిగిపోతోంది.

అయ్యగారి వెనకే డ్రైవరన్న చెప్పులు తొడుక్కుని మెట్లు దిగాడు. కింద దాకా వచ్చాక, "గురక కూడా పెట్టారండీ అయ్యగారూ" అన్నాడు.

ఆ వారమే మందిరం గుమ్మం దగ్గర రెండు పలకలు లేచాయి. డ్రైవరన్న సిమెంటు కలిపి తనే అతికించాడు. అతికించాడు గాని మట్టం చూసుకోలేదు. ఒక మూల చిటికెన వేలంత పైకి లేచి ఉంది. అయ్యగారు ఆ మూల చూసినప్పట్నుంచీ కుదురుగా ఉండలేకపోయాడు. భోజనం చేస్తూ దాని గురించే మాట్లాడాడు. మర్నాడు పొద్దున్నే భార్య బజారుకెళ్లగానే తొడుగులు విప్పి, తాపీ, రబ్బరు సుత్తి తీసుకుని మందిరానికి నడిచాడు.

పలక లేపాడు. సిమెంటు పాలు కలపడానికి చెయ్యి ముంచబోతుండగా వెనకనుంచి, "ఏమండీ" అని వినిపించింది.

ఆవిడ సంచీతో గుమ్మంలో నిలబడి ఉంది. కోపంగా లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఎవరైనా తట్టుకుని పడతారే" అన్నాడు.

"పడితే లేస్తారు. డ్రైవరన్నకి చెప్తే సరిచేస్తాడు. మీరు ఇటు చూడండి." సంచీ కింద పెట్టి మెట్టు మీద కూర్చుంది. "మీరు లేకపోతే ఇక్కడ అన్నీ ఆగిపోతాయని మీ భయమా, ఆగిపోవేమోనని మీ భయమా?"

ఆయన చేతిలో తాపీ అటూ ఇటూ తిప్పాడు.

"రెండోదే" అన్నాడు చివరికి. తర్వాత, ఇంకెవరి గురించో చెప్తున్నట్టు, "నేను అలిసిపోయానే. చాలా. లోపల ఏమీ మిగల్లేదు. అంతదూరం పోయి వాళ్లకేం చెప్పను?" అన్నాడు.

"అలిసిపోయారని నాకు తెలుసండీ. మీకెప్పుడు తెలుస్తుందా అని చూస్తున్నాను."

"ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే వింటారా మీరు? అలసట ఎక్కడుందో చూపించు, బాగుచేస్తానంటారు."

ఆయనకు నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్లు నిండాయి. ఆవిడ చూసీ చూడనట్టు సంచీలోంచి రెండో జత తొడుగులు తీసి ఇచ్చింది. ఆవిడ వాటిని వెంటే తెచ్చుకుంది. ఆ పలక అలాగే లేచి ఉంది. సాయంత్రం డ్రైవరన్న వచ్చి, ఈసారి అయ్యగారు కుర్చీలో కూర్చుని చెప్తుంటే, దారం కట్టి సరిగ్గా వేశాడు. అంటే, దాదాపు సరిగ్గా.

రెండోసారి వెళ్లినప్పుడు గాజు పలక ఒప్పుకుంది. అన్ని వేళ్లకూ కాదు. కుడి బొటనవేలు ఇంకా మొరాయించింది. ఇది చాలులెండి అంది కౌంటరు అమ్మాయి. తొడుగులు ఎవరు కుట్టారని అడిగి, ఆ కుట్టు దగ్గరగా పెట్టుకుని చూసింది.

ప్రయాణానికి ముందు ఆదివారం సాగనంపే ఆరాధన పెట్టారు. మందిరం కిటకిటలాడింది. అయ్యగారు ఎప్పటిలా గొంతెత్తి ఉత్సాహంగా ఏదో చెప్తాడని అందరూ ఎదురుచూశారు. ఆయన బల్ల ముందు నిలబడి, పుస్తకం తెరవకుండా, "నేను బాగా అలిసిపోయి వెళ్తున్నాను. ఇన్నేళ్లూ మీకోసం నేను ప్రార్థన చేశాను. ఇవాళ నా దగ్గర మాటల్లేవు. మీరే నాకోసం చెయ్యండి" అని, వెళ్లి ముందు బల్ల మీద కూర్చున్నాడు.

ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఒకరిద్దరు పెదవి విరిచారు కూడా. దైవసేవకుడు అలా మాట్లాడొచ్చా అన్నట్టు. డ్రైవరన్న దగ్గి లేచాడు. జనంలో ప్రార్థన చేసిన మనిషి కాదు ఆయన. "ప్రభువా" అని మొదలుపెట్టి, తర్వాత ఏమనాలో తెలియక కాసేపు ఆగిపోయాడు. "ప్రభువా, మా అయ్యగారు బండి దిగకుండా నడిపారు. ఇప్పుడు కాస్త వెనక సీట్లో కూర్చోనియ్యి. దారి నీకు తెలుసు. విమానంలో కిటికీ పక్కన సీటు ఇప్పించు. అక్కడి భోజనం పడేటట్టు చెయ్యి. ఆమెన్" అన్నాడు. ఎవరో నవ్వారు. నవ్వుతూనే అందరూ ఆమెన్ అన్నారు. అయ్యగారు తల వంచుకునే ఉన్నాడు, చాలాసేపు.

దీవిలో ఆయన వెళ్లిన మొదటి రోజులన్నీ వాన. సిమెంటు తెచ్చే పడవ రాలేదు. దుబాసీ కుర్రవాడి సాయంతో ఇంటింటికీ వెళ్లి కూర్చున్నాడు. ఆనందం గురించి చెప్పమంటే, ఆ మాట తనకిప్పుడు అందడం లేదని, వాళ్లకేమైనా తెలిస్తే చెప్పమని అడిగాడు. వాళ్లు చెప్పారు. కొన్ని అర్థమయ్యాయి, కొన్ని అనువాదంలో జారిపోయాయి. తర్వాత పడవ వచ్చింది. నేల వేశారు. ఆయనతోపాటు అక్కడి ఆడవాళ్లూ మగవాళ్లూ కూడా వేశారు కాబట్టి కొన్ని వరసలు వంకరగా వచ్చాయి. వాటిని మళ్లీ లేపలేదు.

తిరిగొచ్చిన రోజు భార్య ఒక్కతే విమానాశ్రయానికి వచ్చింది. ఆయన నల్లబడ్డాడు, కాస్త ఒళ్లు చేశాడు. అలసట ఎక్కడికీ పోలేదు. నడకలో అలాగే ఉంది. "ఎలా ఉందండీ అక్కడ?" అని అడిగింది.

"మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ పడుకుంటారే. నేనూ పడుకునేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు."

బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆవిడ సంఘం కబుర్లు ఒక్కొక్కటే చెప్పింది. ఎవరికో కాన్పయింది. ఎవరో ఇల్లు మారారు. మేడమీదమ్మకి జ్వరం వచ్చి తగ్గింది గాని నీరసంగా ఉంది, డ్రైవరన్న చూసుకుంటున్నాడు, అయ్యగారు ఎప్పుడొస్తారని రెండుసార్లు అడిగింది.

ఆయన పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు. మేడమీదమ్మ ఉండే వైపు వెళ్లే బస్సు ముందు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆయన దానికేసి చూశాడు.

"రేపు వెళ్దాం" అన్నాడు. "ఇవాళ ఇంటికి పోదాం పద."