వంతుకు ఆగని పంది

పుట్టపర్తిలో మల్లీశ్వరి ఎవరని అడిగితే పదిమందిలో తొమ్మిదిమంది తల అడ్డంగా ఊపుతారు. మూడంతస్తుల లాడ్జిలో గదులు ఊడ్చి దుప్పట్లు మార్చే మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? నేను మాత్రం చెప్పగలను. ఎందుకంటే ఆమె ఏడాదికి పైగా నన్ను దొంగను చేసి ఆడిస్తోంది. కంగారుపడకండి, ఆటలోనే.

ముందు ఆ ఆట సంగతి చెప్పాలి. లాడ్జిలో రెండు నెలలు దిగిన ఒక విదేశీ ముసలాయన పోతూపోతూ ఒక లావుపాటి పుస్తకం, గుప్పెడు పాచికలు ఆమె చేతిలో పెట్టి వెళ్ళాడు. వాటిలో ఒకదానికి ఏకంగా ఇరవై ముఖాలు. ఆటలో ఒకరు కథ నడుపుతారు, మిగిలినవాళ్ళు ఆ కథలో వీరులు. కత్తి దూయాలన్నా, గోడ దూకాలన్నా పాచిక వేయాలి. పెద్ద అంకె పడితే పని జరుగుతుంది, చిన్నది పడితే మన ఖర్మ. కథ చివర ఒక పెద్ద రాక్షసుడు ఉంటాడు. వాణ్ణి బాస్ అంటారు. వాడి ప్రాణబలం ఇంత అని ఒక అంకె ఉంటుంది, మనం కొట్టేకొద్దీ తగ్గుతుంది. పదో తరగతితో చదువు ఆపేసిన మల్లీశ్వరి ఫోన్లో మాటకు మాట అర్థం వెతుక్కుంటూ ఆరు నెలల్లో ఆ పుస్తకాన్ని నమిలి మింగేసింది.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు లాడ్జి మిద్దె మీద, ఆరేసిన దుప్పట్ల నడుమ, నీళ్ళ ట్యాంకు నీడలో మేం నలుగురం చేరతాం. జిరాక్సు అంగడి శశికుమార్ విలుకాడు. చర్చి నుంచి నేరుగా వచ్చే టైలరు రెబెకా గాయాలు మాన్పే వైద్యురాలు. పూలమ్మే బయమ్మకు అరవై దాటాయి, ఆమె చేతిలో గద ఉంటుంది. ఎదురుపడ్డవాణ్ణల్లా కొడుతుంది, రాజీకి వచ్చినవాణ్ణి కూడా. ఆటో తోలే ఈ సురేంద్ర దొంగ.

కథ చెప్పడంలో మల్లీశ్వరికి తిరుగులేదు. ఆమె గుహ అంటే ఎండలో కూడా మాకు వీపు చల్లబడేది. కానీ చివర్లో బాస్ వచ్చాడా, అంతా నీరుగారిపోయేది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మేం నలుగురం నాలుగు దెబ్బలు వేస్తాం, తర్వాత వాడు ఒక్కటి వేస్తాడు. మళ్ళీ నాలుగు, మళ్ళీ ఒకటి. మూడో చుట్టుకు ఎంతటివాడైనా చాప చుట్టేసేవాడు. ఒకసారి రెక్కల సర్పానికి ప్రాణబలం రెట్టింపు చేసి ఆరువందలు పెట్టింది. అప్పుడు ఆరు చుట్లు పట్టింది, అంతే తేడా. ఉడకని కందిబేడల ముందు కూర్చున్నట్టు ఆవులిస్తూ కూర్చున్నాం.

"నీ రాక్షసులు గూడా నీ మాదిరే అక్కా. తలుపు కొట్టి, లోపలికి రావచ్చునా సార్ అని అడిగి వస్తారు," అన్నాడు శశి.

అందరం నవ్వాం, ఆమె కూడా. వాడు అంతటితో ఊరుకుంటేనా! "పై ఆదివారం బాస్ గూడా మూడు చుట్లలో పడిపోయినాడంటే పుస్తకము, పాచికలు నాకియ్యి. కథ నేను నడుపుతా," అన్నాడు.

మల్లీశ్వరి "సరేప్పా" అంది. వాడి నోట్లో గడ్డి పెట్టాలనిపించింది నాకు. కానీ నేనూ ఆవులించినవాణ్ణే కదా.

మర్నాడు ఆమె సెలవు పెట్టింది. నల్లమాడ దగ్గర వాళ్ళ అన్న గోవిందప్ప చేనులో చెనక్కాయ, అంటే వేరుశనగ, పీకుతున్నారు. నా ఆటోలోనే తీసుకెళ్ళాను. దారిలో తనే మొదలుపెట్టింది.

"పుస్తకం పోతే పోనీలే అన్నా. పొద్దున లేచినప్పట్నుంచి ఆ గది ఊడ్చు, ఈ గది కడుగు అనేవాళ్ళే అందురూ. ఆదివారం మీరు నలుగురే నా మొగం చూసి 'ఆ తర్వాత ఏమైంది' అని అడిగేది. ఇంగ యాడుండారు నన్ను అడిగేవాళ్ళు?"

నేను రోడ్డు మీద పురుగు లేకపోయినా హారను కొట్టాను.

సాయంత్రం నాలుగింటికి, పీకి కుప్ప వేసిన చెనక్కాయ చెట్ల వెనక నుంచి ఒక అడవిపంది వచ్చింది. ఒక్కటే. మేమేమో ఐదుగురం మగవాళ్ళం, చేతుల్లో కట్టెలు, ఖాళీ డబ్బాలు. దీన్ని తరమడం ఎంతసేపు అనుకున్నాను. గోవిందప్ప కట్టె ఎత్తాడో లేదో అది అతని మీదికి తిరిగింది. పక్క చేను ఆయన డబ్బా మీద ఒక దెబ్బ వేశాడో లేదో ఆయన కాళ్ళ సందులోంచి దూసుకుపోయింది. ఎవరు ఏం చేసినా, చేసిన మరుక్షణం అది వాడి ముందుంది. నేనా? ఆటో పైకెక్కాను. ఎలా ఎక్కానో ఇప్పటికీ తెలియదు. అది తిన్నంత తిని, తనకు పోవాలనిపించినప్పుడు గుట్టవైపు పోయింది.

గట్టు మీద నిలబడ్డ మల్లీశ్వరి నన్ను చూసి నవ్వలేదు. పంది పోయిన దారినే చూస్తోంది, కళ్ళు మెరుస్తున్నాయి.

"అన్నా, దాని బలం యాడుండాది?" అని అడిగింది తిరుగు దారిలో.

"ఇంగ యాడుంటాది? కోరల్లో."

"కాదన్నా. మీరు ఐదు మందీ కొట్టేవరకు అది గమ్మున నిలబడిందా? వంతు కోసం కాచుకున్నిందా? ఒకడు కదిలితే అదీ కదిలె. నా రాక్షసులకేమో నేను వరసలో నిలబడేది నేర్పించినా." గొంతు తగ్గించింది. "ఇంగోటుండాది. ముందర అట్ట అడ్డం పెట్టుకోని కదా నేను పాచిక వేసేది. పెద్ద అంకె పడితే తగ్గించి చెప్తాంటి. బయమ్మత్త మొగం చిన్నబోతాదని."

ఆ సంగతి నాకు తెలుసు. ఒకసారి కళ్ళారా చూశాను. ఆ రోజు బతికిపోయింది నా దొంగే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఆదివారం వచ్చింది. ఆమె ముందు అట్ట లేదు. మా మధ్యలో ఒక స్టీలు పళ్ళెం పెట్టింది. "నా పాచిక ఇందులోనే పడేది. అందురూ చూడండి," అంది. "గుహలోంచి పంది వచ్చింది. ప్రాణబలం నూటిరవై."

"నూటిరవైయేనా?" శశి పగలబడి నవ్వాడు. బాణం వేశాడు, తగిలింది, ఇరవై పోయాయి. ట్యాంకుకు చేరగిలబడి ఫోను తీశాడు.

"ఫోను పెట్టు శశీ. పంది నీ మీదికొస్తాండాది."

"అదేందక్కా? మా నలుగురిదీ అయినాక కదా దాని వంతు?"

"పందికి వంతేందప్పా?"

పళ్ళెంలో పాచిక గలగలమంది. పదిహేడు. విలుకాడు ఎగిరి బండకు కొట్టుకున్నాడు. రెబెకా వాడి గాయానికి మందు తీసిందో లేదో పంది ఆమె వైపు తిరిగింది. బయమ్మ గద విసిరితే, విసిరిన చేతి కిందికే వచ్చేసింది. నలుగురం కదిలితే నాలుగుసార్లు కదిలింది. ఉన్నది ఒక్కటే, ఎటు చూసినా అదే! "నీ మూతి పగల, రాయే ఇట్ల!" అని బయమ్మ లేచి నిజంగానే చెప్పు తీసింది. నా దొంగ బండ ఎక్కుతాడన్నాను. "ఆటో ఎక్కినట్లేనా అన్నా?" అంది మల్లీశ్వరి. నవ్వు పూర్తికాక ముందే పాచిక వేసింది. బండ మీద నుంచి నేనూ కిందపడ్డాను.

మూడు చుట్లు ఎప్పుడు దాటాయో ఎవరూ చూసుకోలేదు. శశి ఫోను మోగితే వాడు చూడకుండానే కట్ చేశాడు.

ఏడో చుట్టుకు పందికి మిగిలింది తొమ్మిది. రెబెకా వైద్యురాలు స్పృహ తప్పి పడి ఉంది. ఆమెకు అడ్డంగా శశి విలుకాడు నిలబడ్డాడు. బాణాలు అయిపోయి విల్లునే కర్రలా పట్టుకున్నాడు, కొట్టాడు, తగల్లేదు. మల్లీశ్వరి పాచిక వేసింది. అది పళ్ళెం అంచు వెంట తిరిగి తిరిగి ఆగింది.

ఇరవై. అంతకు మించిన అంకె లేదు.

ఆమె చెయ్యి పళ్ళెం మీదికి పోబోయింది. పాత అలవాటు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఇరవై," అంది. "నీ విలుకాడు చచ్చిపోయినాడు శశీ. పంది వాన్ని దాటుకోని గుట్టలోకి పోయింది."

పద్నాలుగు నెలలు వాడు పెంచుకున్న విలుకాడు. ఇంతలో కింద నుంచి మేనేజరు గంట కొట్టాడు. ఐదైంది, గదులు తయారు చేయాలి. మల్లీశ్వరి పుస్తకం, పాచికలు గుడ్డలో కట్టి, ఆరిన దుప్పట్లు చేతి మీద వేసుకుని మెట్ల వైపు నడిచింది. పందెం గెలిచిన మనిషిలా లేదు. వాడి మొహం చూడలేకపోతోంది.

శశి దిగ్గున లేచాడు. మొహం జేవురించింది, కళ్ళలో నీళ్ళు. పరుగున పోయి ఆమె చేతిలో దుప్పట్లు లాక్కున్నాడు.

"ఇవన్నీ నేను వేస్తాగానీ ముందు చెప్పు," అన్నాడు. "ఆ తర్వాత ఏమైందక్కా?"

కింద గంట మళ్ళీ మోగింది. మల్లీశ్వరి మొదటి మెట్టు మీద కూర్చుంది.