సాంచాలు ఆగిన ఇంటర్వ్యూ

నలభై ఆరేళ్ల వయసులో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టానంటే జగిత్యాలలో సగం మంది నవ్వారు; మిగతా సగానికి ఇంకా తెలియదు. నేను అక్కడ ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల పని చూస్తాను. డాక్టర్లు రాసిన మందుల్లో తేడా ఉంటే తెరమీద ఎర్రటి హెచ్చరిక వస్తుంది. రోజంతా వస్తూనే ఉంటుంది గనక ఎవరూ చదవరు. దోమను కొట్టినట్టు ఒక్కటి కొట్టి ముందుకు పోతారు. ఎందుకు చదవరన్నదే నా పరిశోధన. రాతపరీక్ష గట్టెక్కాను. ఇక వీడియోలో ఇంటర్వ్యూ. ఉన్నది ఒక్క సీటు. ఇది పోతే మళ్లీ అడగడానికి నాకే మొహం చెల్లదు.

ఆ రోజు కోరుట్లలో మా ఇంటి దగ్గర కొత్త స్తంభాలు వేస్తున్నారని కరెంటు ఉండదన్నారు. ఆసుపత్రిలో కూర్చుందామంటే మా మేనేజరు నా భుజం మీద గడ్డం ఆనించి జవాబులు తనే చెప్పేస్తాడు. అందుకని ముందురోజే సిరిసిల్లలో చెల్లె ఇంటికి చేరాను. నేను పుట్టి పెరిగిన వాడకట్టే అది. ఇన్వర్టరు, ఇంటర్నెట్టు, ఏనుగెక్కినా కదలని టేబులు, అన్నీ సరిచూసుకున్నాను. కుర్చీ వెనక గోడమీది పెళ్లి ఫోటోల్లో మరీ కోపంగా ఉన్నవాళ్లను దించేశాను.

తెరమీద ఒక మేడమ్, ఒక సార్ ప్రత్యక్షమయ్యారు. నేను నమస్కారం పెట్టి నోరు తెరిచానో లేదో, మేడమ్ చెయ్యెత్తారు.

"ఏమిటండీ ఆ చప్పుడు? హెలికాప్టరా?"

చెవులు రిక్కించాను. ఏమీ లేదు. "ఏ చప్పుడు మేడమ్?"

"మాకు మీ మాటే వినపడటం లేదు" అన్నారు సార్. "ఐదు నిమిషాలు చూస్తాం. లేకపోతే తర్వాతివాళ్లను పిలుస్తాం."

అప్పుడు వెలిగింది. పక్కింటి మరమగ్గాలు! మేం సాంచాలంటాం. నేను పుట్టకముందు నుంచీ అవి మోగుతూనే ఉన్నాయి. చుట్టాలొచ్చి చెవులు మూసుకుంటే, పాపం వాళ్లకేదో జబ్బనుకునేవాళ్లం.

మైకు మూసి అరిచాను. "చెల్లే, ఉరుకు! సాంచాలు బందు పెట్టుమను!"

"ఎందుకే? ఇయ్యాల చప్పుడైతున్నదా?"

"అయితున్నదట! వాళ్లకు వినవడుతున్నదట!"

చెల్లె ఉరికింది. గోడవతల సాంచాల ఆసామితో పంచాయితీ మొదలైంది.

"నడిచే సాంచాలు ఎట్ల ఆపుత చెల్లే?"

"మా అక్క డాక్టరైతదన్నా, జర ఆపు!"

"గీ వయసులనా? సూదులేస్తదా?"

"సూదుల్లేవు, ఉత్త కంప్యూటరే. జల్ది!"

సాంచాలు ఆగాయి. మైకు తెరిచాను. ఆ గదిలో అంత నిశ్శబ్దం నేనెన్నడూ ఎరగను. నా గొంతు నాకే పరాయిగా వినిపించి, మొదటి వాక్యం సగంలోనే తడబడ్డాను. సర్దుకునేలోపు కిటికీ నిండా జనం. మా వాడలో కరెంటు ఉండగా సాంచాలు ఆగాయంటే ఎవరో పోయారని లెక్క. ఎదురింటి ముసలమ్మ అప్పటికే కొంగు కళ్లదాకా తెచ్చింది.

"ఎవలు పోయిన్రు బిడ్డా?"

"ఎవలు పోలే పెద్దమ్మా" అని అప్పుడే ఉరికొచ్చిన చెల్లె గుసగుసలాడింది.

"మరి మీ అక్క మొఖమేంది, గట్లున్నది?"

సార్ ముందుకు వంగారు. "ఇంతకీ ఏమిటా చప్పుడు? మీకు నిజంగానే వినిపించలేదా?"

చెల్లె టేబులు కింద నక్కి పెదాలు కదిపింది: వానని చెప్పు, వాన! బయట ఎండకు కుక్కలు నీడను వంతులేసుకుంటున్నాయి. అయినా అబద్ధం నా నాలుక చివరిదాకా వచ్చింది. పనిలో పనిగా ఒక ఉరుము కూడా కలుపుదామనుకున్నాను. కానీ తర్వాత ఇంకో ప్రశ్న వేస్తే ఆ వానకు గొడుగు ఎక్కణ్నుంచి తేవాలి?

"మరమగ్గాలు సార్. నిజంగానే వినిపించలేదు. పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి గనక వినడం మానేశాను. మా ఆసుపత్రిలో వాళ్లు ఎర్ర హెచ్చరికను చూడటం మానేసిందీ ఇట్లాగే."

మేడమ్ ఏదో రాసుకున్నారు. సార్ వదల్లేదు. "మీరూ అక్కడే పనిచేస్తున్నారు. అలవాటుపడ్డ మీ కళ్లకు ఆ లోపం ఎలా కనిపిస్తుంది?"

 నేను బట్టీపట్టిన కాగితాల కట్టను పక్కకు నెట్టాను.

"కనిపించదు సార్. ఇవాళ మేడమ్ అడిగితేనే నాకు వినపడింది. అట్లా అడిగేవాళ్లు కావాలి నాకు. నా ఒక్కదానితో అయ్యే పనైతే మీకు దరఖాస్తు ఎందుకు పెడతాను?"

  మేడమ్ "చాలు, సాయంత్రం మెయిల్ వస్తుంది" అన్నారు. తెర నల్లబడింది. పక్కింట్లో సాంచాలు మొదలయ్యాయో లేదో నాకు తెలియదు. ఆసామి నా ముందే నిలబడి ఏమైందని అరిచి అరిచి అడుగుతున్నాడు గనక మొదలైనట్టే.

సాయంత్రం దాకా అన్నం మెతుకు దిగలేదు. మెయిల్ వచ్చాక ఫోను చెల్లెకిచ్చి కళ్లు మూసుకున్నాను.

"సీటు నీదేనే అక్కా!"

"గైడెవరు, మేడమేనా?"

"కాదు, గా సారు."

కళ్లు తెరిచాను. ఆ సార్ ప్రశ్నలకు ఇక ఏళ్లకేళ్లు జవాబు చెప్పాలి.

"ఇగ నీ పనైంది పో" అంటూ చెల్లె నా నోట్లో చక్కెర పోసింది.